కూతరాయికి పుట్టిన దొరబిడ్డ

స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవడానికి మూడేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, కమలాపురం వైపున్న ఒక చిన్న స్టేషనుకు నన్ను స్టేషన్ మాస్టరుగా వేశారు. తెల్లవాళ్ల కాలపు రాతి కట్టడం. చూడటానికి గొప్పగా ఉంటుంది. లోపల కూర్చుని డ్యూటీ చేసేవాళ్లను అడగండి, ఎంత గొప్పో చెబుతారు.

వచ్చిన నెలకే, స్థానిక చరిత్ర తెలుసుకుంటామంటూ ఒక కాలేజీ అధ్యాపకుడు విద్యార్థులతో దిగాడు. యూనిఫాంలో మాస్టరు కుర్చీలో కూర్చున్న నన్ను చూసి, "ఏమ్మా, మాస్టరు గారు బయటికెళ్లారా?" అన్నాడు. నేనేనన్నాను. నమ్మడానికి కాస్త వ్యవధి తీసుకుని, ఆపైన గంటసేపు నా స్టేషను గురించి నాకే పాఠం చెప్పాడు.

స్టేషను బయట ఒక రాయి ఉంది. దానిమీద డబ్ల్యూ, దాని కింద ఎల్ అని చెక్కి ఉంటుంది. డబ్ల్యూ అంటే విజిల్, ఎల్ అంటే లెవెల్ క్రాసింగ్. ముందర గేటు వస్తోంది, కూత పెట్టమని డ్రైవరుకు చెప్పే గుర్తు అది. ఇప్పుడు ఇనప బోర్డులు పెడుతున్నారు. ఎప్పుడో లైను పక్కకు జరిపినప్పుడు రాయి మాత్రం అక్కడే మిగిలిపోయింది. ఊళ్లో దాన్ని కూతరాయి అంటారు. ఉగ్గాని, బజ్జీ అమ్మే ఓబులమ్మ తన బండి మీది పట్టకు తాడు దానికే కడుతుంది.

అధ్యాపకుడికి అది 'కూతురాయి' అని వినబడింది. "ఎవరో దొర కూతురి సమాధి కదూ?" అని కళ్లు పెద్దవి చేశాడు. సరిదిద్దడం నా బాధ్యత. కానీ "మాస్టరు గారు బయటికెళ్లారా" అన్నది ఇంకా చెవిలో గింగురుమంటోంది. "అవునండీ. పాప పేరు విల్హెల్మినా లూసీ. రాతిమీది డబ్ల్యూ, ఎల్ అవే" అన్నాను. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు.

అధ్యాపకుడు రైల్వే పై అధికారులకు అర్జీ పెట్టాడట, రెండు నెలల తర్వాత వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. సమాధి చుట్టూ కంచె, పూలమొక్కలు, ఒక ఫలకం. పక్కనున్న బజ్జీల బండిని తీయించాలి. మా మీద తనిఖీ అధికారి అయిన ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు, అధ్యాపకుణ్ణి వెంటబెట్టుకుని చోటు కొలవడానికి వచ్చాడు.

ఓబులమ్మ గరిటె దించలేదు. "ఏమప్పా, సదువుకున్నోడివి, కూతకూ కూతురికీ తేడా తెలీదా? మా మామ గేటుకాడ పనిచేసినోడు. ఈ రాయి కాడికొస్తానే రైలు కూత పెడ్తాండె. ఇన్నేండ్లుగా ఈడ బజ్జీలు ఏస్తాండా, పిల్ల సమాధి మీద ఏస్తానా?"

"ఈ మేడమే చెప్పారు" అన్నాడు అధ్యాపకుడు.

ఇన్‌స్పెక్టరు నావైపు తిరిగాడు. నోరు మూసుకుంటే ఓబులమ్మ బండి పోతుంది, తెరిస్తే నా పరువు పోతుంది. "వెక్కిరింపుకి చెప్పానండీ" అన్నాను.

ఓబులమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీ ఎగతాళికి నా బండే దొరికిందా మేడమ్మా? శానా బాగుండాదిలే!"

కంచె రద్దయింది. ఇన్‌స్పెక్టరు నన్ను లిఖితపూర్వకంగా సంజాయిషీ అడిగాడు. రాసిచ్చాను. అధ్యాపకుడి చెవిది పొరపాటే, నా నోటిది మాత్రం తప్పు.

పక్క స్టేషను మాస్టరుతో ఫోనులో లైను ఖాళీ అని చెప్పాలంటే, మాటతో పాటు ప్రైవేటు నంబరు అనే రహస్య అంకె ఇవ్వాలి. అది లేని మాట చెల్లదు. అదే కుర్చీలో కూర్చుని మిగతా ఏం వాగినా, ఏ నంబరూ అక్కర్లేకుండానే చెల్లిపోతుంది. ఈ సంగతి మా శిక్షణలో ఎవరూ చెప్పలేదు.