అన్న మడిచిన ఊరకుక్క

పక్షవాతం వచ్చాక మా అన్నను వదిన మైదుకూరు నుంచి కర్నూలుకు, మా ఇంటికి తీసుకొచ్చింది. ఏళ్ల తరబడి పసుపు తవ్విన కుడిచేయి ఒళ్లో ముడుచుకుని పడి ఉండేది. వేళ్లు విప్పితే మళ్లీ వాటంతట అవే మూసుకునేవి. "ఏదో ఒక చేతిపని పెట్టండి, కాగితాలు మడిపించినా చాలు" అంది ఫిజియోథెరపీ చేసే అమ్మాయి.

పడవలు, విమానాలు చూపిస్తే అన్న మొహం తిప్పుకున్నాడు. తనను చిన్నపిల్లాడిని చేసినట్టు అనిపించిందేమో. ఊళ్లో ఆయన ఏనాడూ కుక్క వెంట లేకుండా చేనికి పోలేదు. అందుకని ఫోనులో వెతికి, కాగితంతో కుక్కలు మడిచే ఒరిగామి వీడియోలు పెట్టాను. ఒక్కో జాతిది ఒక్కో మడత. ఆయన చూపు అక్కడే నిలిచిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం చాప మీద కూర్చునేవాళ్లం. అన్న ఎడమచేత్తో కాగితం అదిమి పట్టేవాడు. ఆయన కుడిచేతి బొటనవేలును వదిన పట్టుకుని మడత మీద గీయించేది. మేం చేసిన డాబర్‌మన్‌కు ఒక చెవి వాలిపోయింది. డాష్‌హండ్ పొట్టికాళ్లు చూసి, మాట ముద్దగా వస్తున్నా, "కాళ్లు చేసేదానికి కాగితం చాల్లేదా ఏమ్మా?" అన్నాడు. ఆయన జబ్బుపడ్డాక వదిన నవ్వింది ఆ రోజే.

ఒకనాడు అడిగాడు. "మన ఊరకుక్క లేదా దాంట్లో?"

"లేదన్నా. అన్నీ జాతికుక్కలే ఉండాయి."

"అట్లయితే నేనే చేస్తా."

చేశాడు. చాలా రోజులు పట్టింది. మమ్మల్ని చేయి వేయనివ్వలేదు. తోక చుట్టుకోవాలంటాడు, డొక్క లోపలికి పోవాలంటాడు. మడిచి, విప్పి, పళ్లతో అంచు పట్టి లాగి, చివరికి దాన్ని నాలుగు కాళ్ల మీద నిలబెట్టాడు. "ఇంగ చేనికి పోతా" అన్నాడు. మేమూ నమ్మాం. వదిన బట్టలు కూడా సర్దింది.

ఊరికి బయలుదేరేలోపే పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆసుపత్రి నుంచి ఆయన్ను నేరుగా మైదుకూరుకే తీసుకుపోయాం, అంబులెన్సులో, మొహం మీదిదాకా గుడ్డ కప్పి.

పెద్దదినం అయ్యాక వదిన ఆ కుక్కను తెచ్చి నా ముందు పెట్టింది. "నాకూ నేర్పు పాపా. ఇట్లాంటిదే ఇంకొకటి చేసుకుంటా."

నాకు రాదు. ఆ మడతలు ఏ వీడియోలోనూ లేవు.

"విప్పి చూస్తేగానీ తెలీదు వదినా. విప్పినాక మళ్లీ ఇట్లే మడుస్తానని చెప్పలేను."

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. వీపు మీద ఒకచోట గీత వంకరపోయి, పక్కనే మళ్లీ గీసి ఉంది. దాని మీద వేలు పెట్టి, "చేయి ఈడ వణికినట్టుండాది" అంది. "వద్దులే పాపా. విప్పద్దు."

నేను వేరే కాగితం తీసుకుని పొద్దుగూకేదాకా ప్రయత్నించాను. తోక వచ్చింది. కుక్క మాత్రం నిలబడలేదు.