ఒక్కటీ దగ్గలేదట

మా వదిన లోర్నాను ఊళ్ళో కొందరు ఇప్పటికీ పొట్టేలును చంపించిన మనిషి అంటారు. నా ఎదుట మాత్రం అనరు. నా నోటి సంగతి వాళ్ళకు బాగా తెలుసు.

ఆవిడ నా మొగుడు డ్వేన్‌కు అక్క. మా ఎల్బో క్రీక్‌లో స్కూలు బస్సు నడిపి నడిపి రిటైరయింది. ఇవాళ కాఫీ హోటల్లో కూర్చుని జాలి, దయ అంటూ ఆవిడకు పాఠాలు చెప్పేవాళ్ళలో సగం మంది, ఒకప్పుడు ముక్కు కారుతుంటే ఆవిడ చేత తుడిపించుకున్నవాళ్ళే. అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

కొండగొర్రెల పిచ్చి ఆవిడకు ఆ బస్సులోనే పట్టుకుంది. చలికాలంలో అవి రోడ్డు మీద చల్లిన ఉప్పు నాకడానికి కొండ దిగుతాయి. బస్సు ఆగుతుంది, పిల్లలు కిటికీలకు అతుక్కుపోతారు. ఒక ఏడు ఆ మందకు ఊపిరితిత్తుల జబ్బు తగిలింది. ఎవరివో పెంపుడు గొర్రెల నుంచి అంటుకుంది. పెంపుడు గొర్రె కంటికి కనపడని ఆ జబ్బు పురుగును ముక్కులో పెట్టుకుని కూడా హాయిగా మేస్తుంది. కొండగొర్రెకు మాత్రం అదే చావు. ఆ చలికాలం బస్సు దారి పొడుగునా కళేబరాలే. బతికిన తల్లులకు ఆ తర్వాతి వేసవిలో పుట్టిన పిల్లలు కూడా దగ్గి దగ్గి చచ్చిపోయాయి. ఒక్కటంటే ఒక్క మగపిల్ల బతికి బట్టకట్టింది. అవి అక్కడెందుకు పడుకున్నాయని బస్సులో పిల్లలు అడిగితే, మా వదిన బస్సు ముందుకు పోనిచ్చేదట.

అప్పుడు చేరింది, కొండగొర్రెల్ని కాపాడే వాళ్ళతో కలిసి ఈ పనిలో. జీతం లేదు, భత్యం లేదు. దుర్భిణీ భుజాన వేసుకుని కొండెక్కడం, గొర్రెపిల్లల్ని లెక్కపెట్టడం, ఏదైనా దగ్గుతోందేమోనని చెవులు రిక్కించి కూర్చోవడం. గొర్రెల్ని వలవేసి పట్టిన రోజున, కళ్ళకు గంతలు కట్టిన గొర్రె తలను ఒళ్ళో పెట్టుకుని, దాని ముక్కులో దూదిపుల్ల తిప్పి పరీక్షకు పంపడం. ఆవిడ ఫ్రిజ్‌లో పాల పక్కనే గొర్రెపెంటికల సీసాలు ఉంటాయి. ఆ ఇంట్లో కాఫీ తాగాల్సి వస్తే పాలు నేనే చూసి తీసుకుంటాను.

ఇంత చేసే మనిషికి తమ్ముడిగా పుట్టినవాడు ఏం చేశాడు? గొర్రెలు కొన్నాడు. సరిగ్గా కొండ కింద, మా ఇంటి వెనక. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి వాటికి బిస్కెట్లు తినిపించేవాడు.

"కొండగొర్రెలు దూకలేని కంచె మేమే వేస్తాం. ముక్కు పరీక్ష కూడా ఊరికే చేస్తాం. నువ్వు గేటు తీస్తే చాలురా," అంది లోర్నా.

"నా గొర్రెలకు తుమ్మయినా లేదక్కా. నీ కంటికి కొండగొర్రెలు తప్ప ఇంకేవీ ఆనవు," అన్నాడు ఈయన.

నేను చెవినిల్లు కట్టుకుని పోరాను. గోడకు చెప్పినా వినేదేమో.

నవంబరు వచ్చింది. పొట్టేళ్ళు జోడు వెతుక్కుంటూ కొండ దిగే నెల అది. ఒకరోజు పొద్దున్నే దాణా బకెట్టు పట్టుకుని వెనక్కి వెళ్ళేసరికి మా గొర్రెల మధ్య ఇంత ఎత్తున ఒక కొండ పొట్టేలు నిలబడి ఉంది. ఎడమ కొమ్ము చివర విరిగి ఉంది. దగ్గు మందలో బతికిన ఆ ఒక్క పిల్ల అదే. మా వదిన దుర్భిణీలోంచి నాకు ఎన్నిసార్లు చూపించిందో.

మా ఆయన చెప్పులతోనే మంచులో నిలబడి ఫొటోలు తీస్తున్నాడు. "చూశావా మేవిస్, మనింటికి అల్లుడొచ్చాడు."

"లోర్నాను పిలువు," అన్నాను.

ఆయన మొహంలో నవ్వు పోయింది. "అక్కర్లేదులే. గేటు తీసి తోలేస్తే వాడి దారిన వాడు పోతాడు. ఎవరూ చూడలేదు కదా."

అంటూనే చీపురు తెచ్చాడు. ఇక్కడ మంచివాళ్ళమనుకునే వాళ్ళంతా చేసే పనే అది. పాపం పొట్టేలు, ఇంటికి పోనీ అంటారు. అది పోయేది ఎక్కడికి? నేరుగా కొండ మీది గొర్రెల దగ్గరికి, ముక్కులో మా పురుగుతో. నేను గేటుకు వీపు ఆనించి నిలబడి వదినకు ఫోన్ చేశాను.

ఆవిడ వచ్చి కంచె దగ్గర ఆగింది. "ముక్కులు ఆనించుకున్నాయా?"

"అల్లుడు ముద్దు పెట్టకుండా ఉంటాడా," అన్నాడు డ్వేన్.

"వాడేనా వదినా?" అని అడిగాను.

"వాడే," అంటూ ఫోన్ తీసి అటవీ జంతువుల ఆఫీసుకు చెప్పింది.

"అక్కా, వాళ్ళొస్తే వాణ్ణి కాల్చేస్తారు. నీకు తెలీదా?"

"తెలుసు."

"నువ్వు పెంచినవాడు కదే."

"పెంచలేదురా. ఏటేటా ఉన్నాడో లేడో చూసుకున్నాను."

"పరీక్ష చేసి వదలొచ్చు కదా."

"ఫలితం వచ్చేదాకా వాణ్ణి ఎక్కడ ఆపుతావు? నీ కంచె రాత్రి ఆపిందా?"

ఆఫీసరు వచ్చాడు. ఒక్కటే దెబ్బ. మా వదిన మంచులో మోకాళ్ళ మీద కూర్చుని ఆ తల ఒళ్ళోకి తీసుకుని, దూదిపుల్ల తనే తిప్పింది. తర్వాత నా వంటింట్లో కూర్చుని ఆ పుల్ల పెట్టిన సీసా మీద తేదీ రాసింది.

ఈలోగా నా మొగుడు తీసిన ఫొటో ఊరంతా తిరిగేసింది. ఇక చూడాలి. కాఫీ హోటల్లో ఆవిడ కూర్చుంటే పక్క టేబుల్ వాళ్ళు లేచిపోయారు. ఆవిడ బండి అద్దం మీది దుమ్ములో ఎవరో వేలితో 'హంతకురాలు' అని రాశారు. మా ఇంటికి మాత్రం, డ్వేన్ మనసు ఎంత కష్టపడిందోనని ఎవరో ఆపిల్ ముక్కలు పెట్టిన తీపి రొట్టె చేసి పంపారు. నేను దాన్ని కోళ్ళకు వేశాను.

పొట్టేలు పరీక్షలో పురుగు కనిపించలేదు. ఆ మాట ఊరంతా కోడై కూసింది. మా గొర్రెల్ని నేను పట్టుకుంటే వదిన పరీక్ష చేసింది. వాటిలో రెండింటి ముక్కుల్లో పురుగు ఉంది. ఆ మాట అడిగినవాడు ఒక్కడూ లేడు. కొట్లో వరసలో నిలబడి నేనే అందరికీ వినపడేలా చెప్పాను. అలాగా అని రొట్టెల వంక చూశారు.

గొర్రెల్ని కొండలే లేని మైదానం వైపు పంపించేశాను. మా ఆయన అలిగి నాతో మాట్లాడటం మానేశాడు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

కానీ వదినకు ప్రశాంతత ఏదీ? ఒక్క పరీక్షలో కనిపించనంత మాత్రాన పురుగు లేదని కాదు. ఆ పొట్టేలు అంతకు ముందే మా గొర్రెల్ని తాకి కొండకు పోయి వచ్చిందేమో, వేళ మించిపోయిందేమో. అది తెలిసేది ఎండాకాలంలో, గొర్రెపిల్లలు దగ్గినప్పుడే. సరిగ్గా ఎండాకాలం వచ్చేసరికి ఆవిడ తుంటికి ఆపరేషన్ అయింది. చేతికర్రతో మా వరండాలో కూర్చుని కొండ వంక చూడటమే.

"నేను వెళ్తా," అన్నాడు ఒకరోజు డ్వేన్. "నా చెవులతో నేనే విని వస్తా. అప్పుడు తేలుతుంది తప్పెవరిదో."

ఆవిడ దుర్భిణీ తీసి ఇచ్చింది. "గాలికి ఎదురుగా కూర్చో. పిల్లలు పరుగెత్తి ఆగాక విను. దగ్గు ఉంటే అప్పుడే బయటపడుతుంది."

ఆ రోజంతా ఆవిడ ముద్ద మింగలేదు. పొద్దు వాలాక ఈయన ఎండకు కందిపోయిన మొహంతో వచ్చి దుర్భిణీ బల్ల మీద పెట్టాడు.

"కొండంతా పరుగులే పరుగులు. పొద్దుటి నుంచీ విన్నాను. ఒక్కటీ దగ్గలేదు. ఏ జబ్బూ లేదు, ఏమీ లేదు. అన్యాయంగా వాణ్ణి పొట్టన పెట్టుకున్నావు."

చలికాలమంతా దాచుకున్న మాటలన్నీ నాలిక చివరికి వచ్చాయి. చేతిలో గరిటె కూడా ఉంది. వదిన నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఇంకోసారి చెప్పరా," అంది.

"ఏంటి?"

"అదే. దగ్గు సంగతి."

"ఒక్కటీ దగ్గలేదక్కా," అన్నాడు, ఈసారి కాస్త మెల్లగా.

"వేళ మించలేదు," అంటూ ఆవిడ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. పొట్టేలు పడ్డ రోజున కూడా ఆవిడ అలా ఏడవలేదు.

డ్వేన్ బిత్తరపోయి నా వంక చూశాడు. "ఇప్పుడు నేనేమన్నాను?"

"నోరు మూసుకుని తిను," అని కంచంలో కూర వడ్డించాను.