పరీక్ష హాల్లో మా అవ్వ

మా చిన్నతనంలో... పొద్దు వాలిందంటే చాలు, సిరొంచలో మా వాడంతా నా గొంతే వినిపించేది. మా ఊరి బడి మరాఠీది. ఆ పాఠాలు గట్టిగా చదవాలి. మనసులో చదువుకుంటే మా అవ్వ ఊరుకునేది కాదు. మా దిక్కు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం.

ఎండుమిరపకాయల చాట ముందు పెట్టుకుని, తొడిమెలు తీస్తూ కూర్చునేది. నా గొంతు కాస్త తగ్గిందా...

"ఏమే, నోట్లె నోట్లె గొణుగుతున్నవ్? ఇక్కడిదాంక ఇనబడాలె. గా ముచ్చట మళ్ల సదువు, జర నిమ్మలంగ."

ఒకే పేరా మూడుసార్లు! నాకు ఒళ్ళు మండిపోయేది. అవ్వ ప్రాణహిత అవతలి ఒడ్డున, తెలుగు బడిలో ఏడు దాకా చదివి, పెళ్ళయి ఇటు వచ్చింది. మరాఠీలో నాలుగు మాటలు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆమెకేం అర్థమవుతుంది, నేను చదువుతున్నానో లేదో అని కాపలా కాస్తోంది అనుకున్నాను. వాడలో వాళ్ళూ అదే అనుకున్నారు. "బిడ్డ సదువంటే దానికి ఎంత పాణమో" అని మెచ్చుకునేవాళ్ళు.

నేనేమో అప్పటికే నేల మీద నడవడం లేదు... పది పాసవుతాను, గడ్చిరోలిలో కాలేజీకి పోతాను, ఆఫీసరమ్మనవుతాను అని ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని. మా వాడలో పది దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను మరి! ఆ గర్వం అంతా ఇంతా కాదు.

పది పరీక్షలు వచ్చాయి. మొదటి రోజు మరాఠీ. అవ్వ పొద్దున్నే తలకు పోసుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. నన్ను దింపడానికి ఇంత సింగారమా అనుకున్నాను. గేటు దగ్గర "ఇగ నువ్వు పో అవ్వా" అన్నాను. నవ్వింది.

నేను వెళ్ళి నా బెంచీలో కూర్చున్నాను. తల ఎత్తి చూద్దును కదా... గది గుమ్మంలో అవ్వ!

మాస్టారు మరాఠీలో "బాయీ, పిల్లను కూర్చోబెట్టావు కదా, ఇక బయటికి వెళ్ళు" అన్నారు. అవ్వ కొంగు ముడి విప్పి, మడత పెట్టిన కాగితం తీసి ఆయన చేతికిచ్చింది.

హాల్ టికెట్!

బడికి పోకుండా ప్రైవేటుగా పది రాసేవాళ్ళు పదిహేడో నంబరు ఫారం నింపేవాళ్ళు. మా అవ్వ అది నింపింది. నాకు తెలియకుండా! మాస్టారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, చివరి బెంచీ చూపించారు.

గదంతా కిసుక్కుమంది. పక్క బెంచీ పిల్ల నావైపు వంగి, "మీ అవ్వ నీకు కాపీ అందియ్యనీకి వచ్చిందా ఏందే?" అంది. భూమి బద్దలై అందులోకి పోతే బాగుండనిపించింది. ఆ మూడు గంటలు ఏం రాశానో నాకే తెలీదు. ఒక్కసారి వెనక్కి చూశాను... అవ్వ తల ఎత్తకుండా రాస్తోంది.

ఇంటికి రాగానే పుస్తకాలు విసిరికొట్టాను.

"నా ఇజ్జత్ తీసినవ్! ఈ వయసుల నీకు పది ఎందుకే? ఎవలిస్తరు నీకు నౌకరి?"

"నౌకరి కోసం గాదు బిడ్డా" అంది అవ్వ. "నేనెంతదాన్నో నాకే ఎరుక లేదు. ఒక్కపారి చూసుకుందామనుకున్న. నీకు చెప్తే నవ్వుతవని చెప్పలే."

అప్పుడు తెలిసింది... నేను ఒకటో తరగతిలో పలక మీద మరాఠీ అక్షరాలు దిద్దిన నాటి నుంచే, నేను బడికి పోయాక తనూ దిద్దిందట. అన్నేళ్ళూ నాతో చదివించింది నాకోసమే కాదు, తనకోసం కూడా. ఫారం బాపు చేత నింపించి, నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట.

ఎవరికైనా మనసు కరగాలి కదా? నాకు కరగలేదు. ఇంకా మండింది.

"రేపు నువ్వొస్తే నేను రాను. ఇంట్లనే పండుకుంట. నా సదువు ఖరాబైతే నీదే పాపం!"

బాపు "ఏందే ఆ మాట..." అని లేవబోయాడు. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "ఊకో నువ్వు" అంది ఆయనతో. నావైపు తిరిగి, "సరే బిడ్డా. నువ్వు రాయి" అంది.

మర్నాడు నేను పరీక్షకు వెళ్ళాను, అవ్వ మిరపచేనుకు వెళ్ళింది. మిగతావన్నీ దర్జాగా రాసి వచ్చాను. సిగ్గులేనిదాన్ని.

ఫలితాలు వచ్చిన రోజు బాపు బడి నుంచి రెండు మార్కుల కాగితాలు తెచ్చాడు. నేను పాసయ్యాను! ఎగిరి గంతేసి, ఆ రెండో కాగితం కూడా లాక్కున్నాను... నవ్వుదామనే, అబద్ధమెందుకు.

అన్నిటికీ ఎదురుగా గైర్‌హాజర్, అంటే పరీక్షకు రాలేదని ఉంది. ఒక్క మరాఠీకి మాత్రం... అరవై ఎనిమిది.

నాకు మరాఠీలో నలభై తొమ్మిది.

అమ్మో, అరవై ఎనిమిదా! పదేళ్ళు బడికి పోయిన నాకు రాని మార్కులు, తొడిమెలు తీస్తూ విన్న మనిషికి వచ్చాయి!

అవ్వ ఆ అంకె మీద వేలు పెట్టి, "ఇది నాదేనా?" అని బాపును అడిగింది. మళ్ళీ అడిగింది. తర్వాత నా తల నిమిరి, "నువ్వు పాసైనవ్ గద, మంచిగైంది" అంది.

మిగతావి మళ్ళీ రాయవే అని నేనే బతిమాలాను. "ఇగ వద్దు బిడ్డా, చూసుకున్న గద" అంది. ఏం చూసుకుంది? ఒక్క పరీక్ష! మిగతావన్నీ నేను ఆమె చేతిలోంచి గుంజుకున్నాను.

గడ్చిరోలికి నేను పోయాను. చదివాను, ఉద్యోగం చేశాను. ఇప్పుడు అత్తాకోడళ్ళు, తల్లీపిల్లలు కలిసి పరీక్షలు రాసి ఫోటోలు పెడుతున్నారు, అందరూ శభాష్ అంటున్నారు. కాలం ఎంత మారిపోయింది... ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మీ వల్ల ఆగిపోయిన అవ్వలు, అక్కలు మీకూ ఉంటే ఇక్కడ రాయండి. కానీ వాళ్ళు బతికి ఉంటే ముందు వెళ్ళి వాళ్ళకు చెప్పండి, తప్పు నాదేనని. మా అవ్వ పోయి చాలా ఏళ్ళయింది... నేను ఆ మాట మొదటిసారి మీకే చెప్తున్నాను.