కిట్టా అన్న రోజు

మా ప్రొఫెసర్ మేడమ్ పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఆ రోజే ఆమెకు ఒక సంగతి చెప్పాలనుకున్నాను. నేను ఇప్పుడు పాఠాలు చెప్పే బడిలో ఓ పిల్లవాడు తన టిఫిన్ డబ్బా పక్కవాడికిచ్చి, వాడు తింటుంటే ఏడుస్తూ కూర్చున్నాడు. ఆకలికి ఏడ్చాడా, ఇవ్వకుండా ఉండలేకపోయినందుకా? ఇలాంటివి అడగడానికి సూరత్‌లో నాకు ఆమె ఒక్కరే ఉండేవారు.

ఆమె గుజరాతీ. చిన్నపిల్లలు స్నేహం ఎలా చేస్తారు, ఎందుకు అలుగుతారు, ఎదుటివాళ్ల బాధ వాళ్లకెలా తెలుస్తుంది అన్నదే జీవితమంతా ఆమె చేసిన పరిశోధన. అప్పట్లో నేను విశ్వవిద్యాలయంలో ఆమె విద్యార్థిని. తెలుగు వచ్చునని, మరమగ్గాల మీద పనిచేసే మనవాళ్ల పిల్లలుండే, ఊరి శివారు జోల్వాలోని బాల్వాడీకి నన్ను వెంట తీసుకెళ్లేవారు. మా నాన్నదీ మగ్గం పనే. నా చదువు సంగతి విని నవ్వాడు.

"ఏందే, పోరగాండ్ల కొట్లాటలు సూసుడు గూడ సదువేనా?"

ఆ మాట చెబితే మేడమ్‌కు కోపం రాలేదు. "మీ నాన్న చిన్నప్పుడు ఎవరితో కొట్లాడేవారో కనుక్కో బేటా" అన్నారు. అడిగాను. నాన్న కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. తర్వాత, నేనెన్నడూ పేరైనా వినని ఓ దోస్తు గురించి కంచంలో అన్నం చల్లారేదాకా చెప్పాడు.

జోల్వాకు జగిత్యాల వైపు నుంచి కొత్తగా ఓ పాప వచ్చింది. బాల్వాడీలో నోరు విప్పేది కాదు. పిల్లకు బుద్ధి ఎదగలేదు, ఇంకెక్కడైనా చేర్పించమని అక్కడి టీచర్ తేల్చేసింది. తల్లి మా దగ్గరికొచ్చి ఏడ్చింది.

"ఇంట్ల లొడలొడ మాట్లాడ్తది మేడమ్. గీడికొస్తెనే గిట్ల అయితది. జర మీరన్న చెప్పుండ్రి."

కొన్నాళ్లు ఆగమని మేడమ్ టీచర్‌ను బతిమాలారు. రోజూ మోకాళ్ల నొప్పితోనే గోడకానుకుని నేలమీద కూర్చుని, పల్లీలు ఒలుచుకుంటూ ఉండేవారు. ఏ పిల్లనూ దగ్గరికి పిలిచేవారు కాదు. "ముందు వాళ్లను మనల్ని చూడనివ్వాలి" అనేవారు. నేను 'పాప మాట్లాడలేదు' అని రాస్తే కొట్టేయించారు. "అది మనకు తెలిసిందే. ఏం చూస్తోందో రాయి."

చూడగా తెలిసింది. పాప కళ్లు రోజంతా ఒక్క పిల్లవాడి మీదే. వాడు తమాషా చేస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఒకరోజు పాప వరుసగా పేర్చుకున్న సీసా మూతలను వాడు కాలితో తన్నేశాడు. పాప లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది.

"కిట్టా!" అని అరిచింది. నీతో కటీఫ్ అనడానికి ఇక్కడి పిల్లల మాట అది.

"నోరు విప్పిందీ కొట్లాటకేనా!" అంది టీచర్. మేడమ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "లేని దోస్తీని ఎవరైనా తెంచుకుంటారా? ఇన్నాళ్లూ మనసులో వాడితో దోస్తీ చేస్తూనే ఉందన్నమాట!"

టీచర్ మళ్లీ ఆ పిల్లను పంపేసే మాట ఎత్తలేదు. సాయంత్రం తల్లికి చెబితే, "నా బిడ్డనేనా కొట్లాడింది?" అని మళ్లీ మళ్లీ అడిగి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కానీ ఆ ఉదయం బాల్వాడీలో జరిగింది అంతే కాదు. నేను ఇద్దరినీ కలపబోతే మేడమ్ ఆపారు. "ఆగు, వాళ్లేం చేస్తారో చూద్దాం." పాప వాడికి వీపు పెట్టి కూర్చుని మళ్లీ మూతలు పేర్చుకుంటోంది. వాడూ అటు తిరిగి కూర్చున్నాడు. కూర్చున్నచోటి నుంచే కొంచెం కొంచెం వెనక్కి జరిగాడు. వీపుకు వీపు తగిలింది. పాప కదల్లేదు. తల తిప్పకుండానే వాడు చెయ్యి వెనక్కి చాచాడు. అరచేతిలో ఒక నీలం మూత ఉంది.