అమ్మ ముడి

నా చిన్నప్పుడు, బషీరాబాద్ అవతల మా పల్లెకు గత్తర వచ్చింది. కలరాను మా వైపు అలా అంటారు. మా అమ్మకు వాంతులు మొదలైన పొద్దునే మా తాత నన్ను మేనత్తతో జొన్నచేని గుడిసెకు పంపేశాడు. ఊళ్ళోకి అడుగు పెట్టొద్దన్నాడు. అమ్మకు తగ్గగానే ఆమె చేతి రొట్టెలే తెచ్చిస్తానని మాటిచ్చాడు. బడికి పోని నాకు నాపబండ మీద సుద్దతో అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆయన చెబితే ఇక అది జరిగినట్టే నాకు.

చేని గట్టున ఒక బండ ఉండేది. తాత రోజూ దాని మీద రొట్టెల మూట పెట్టి, దూరంగా పోయి కేకేసేవాడు. అప్పుడే మేం వెళ్ళి తీసుకోవాలి. మూడు రోజులు మూట ఎలా పడితే అలా కట్టి వచ్చింది. నాలుగో రోజు చూద్దును కదా, అమ్మ ముడి! ఒక కొసను చెవిలా పైకి వదిలి, లాగితే విడిపోయేలా ఆమె ఒక్కతే కట్టేది. ఇక అమ్మ లేచి తిరుగుతోందని నా సంబరం ఇంతా అంతా కాదు. ఆ రోజు నుంచీ అదే ముడి. రొట్టెలు అంచున మాడేవి. అమ్మ మాటల్లో పడి మాడ్చిందనుకునేదాన్ని. విప్పకుండా ఆ చెవినే నిమురుతూ కూర్చుంటే, "రొట్టె తింటవా, ముడి తింటవా పిల్లా?" అని అత్త నవ్వేది. అసలు సంగతి ఆమెకూ తెలియదు.

రోగం అణిగాక ఇంటికి పోతే గోడలకు కొత్త సున్నం. అమ్మ మంచం లేదు. దండెం మీద చీరలు లేవు. తాత నా ముందు కూలబడ్డాడు.

"మీ అమ్మ మూడో నాడే పోయింది బిడ్డా. ముడి నేనే కట్టిన. ఎరుకైతే నువ్వు ఉరికొస్తవని."

అమ్మ మట్టిలో ఉంటే నేను ఆ రొట్టెలు నవ్వుతూ తిన్నాను. చాలా రోజులు ఆయన చేతి ముద్ద ముట్టలేదు. పెద్దయ్యాక తెలిసింది, నేను బతికింది ఆ బండ దూరం వల్లేనని. అందుకు ఆయనను తలుచుకుని రోజూ దీపం పెడతాను. ముడిని మాత్రం క్షమించలేకపోయాను.

మొన్న కరోనాలో మా కోడలిని తాండూరు నుంచి వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయారు. మనవరాలు నా దగ్గర ఉంది. తల్లి పాత వాయిస్ మెసేజులు అప్పుడే వచ్చినట్టు రోజుకొకటి వినిపిస్తే పిల్ల నిమ్మళంగా ఉంటుందన్నాడు మా కొడుకు. వద్దన్నాను. ఫోను పక్కన పెట్టించి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"మీ అమ్మకు జర ఎక్కువనే ఉన్నది బిడ్డా. ఏమైతదో నాకూ ఎరుక లేదు. ఏది తెలిసినా ముందు నీకే చెప్త."

పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత నాతో పాటు దీపం దగ్గర కూర్చుంది. దేవుడి దయ, కోడలు ఇల్లు చేరింది.

మళ్ళీ ఇలాంటి రోగం వస్తే ఉండాలని మా కొడుకు మాస్కులు, మందులు, జ్వరం చూసే పుల్ల ఒక పెట్టెలో సర్ది గుడ్డ చుట్టమన్నాడు. చుట్టి, మామూలు ముడి వేశాను. అమ్మ ముడి నా వేళ్ళకు బాగా వచ్చు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ వేయలేదు.