వారానికొక్క మాత్ర

భద్రాచలం బస్సు పాల్వంచ దాటి అడవి దారి పట్టింది. నీరసానికని మందుల షాపులో నేనే అడిగి కొన్న విటమిన్ డి మాత్ర వేసుకుని, సీసాలో నీళ్లన్నీ తాగేశాను. నెల రోజులుగా ఎన్ని తాగినా దాహం తీరడం లేదు, తిండి సయించడం లేదు. పక్కసీట్లో బురఖా వేసుకున్న పెద్దావిడ నా చేతిలోని మాత్రల అట్ట చూసింది.

"బిడ్డా, ఇవి రోజూ మింగుతున్నవా?"

"అవ్ అమ్మా. బలానికే గదా, ఏం గాదు," అన్నాను ధీమాగా.

"మా ఆయన గూడ గట్లనే అన్నడు. డాక్టరు ఇవే మాత్రలు వారానికొక్కటి రాస్తే, జల్దీ తగ్గాలని రోజూ మింగిండు. కిడ్నీలు ఖరాబైనయ్. ఇంక వేసుకోకు. దిగంగనే దవాఖానకు పో, రక్తంల కాల్షియం చూపిచ్చుకో."

ఆమె గొంతులో బతిమాలడం లేదు. అనుభవించిన మనిషి నిబ్బరం ఉంది. దిగగానే డాక్టరు దగ్గరికి వెళ్లాను. కాల్షియం బాగా పెరిగిపోయిందని రెండు రోజులు సెలైన్ ఎక్కించారు.

"ఇంకో నెల గడిస్తే కష్టమయ్యేది. పరీక్ష చేయించుకొమ్మని మీకెవరు చెప్పిండ్రు?" అని డాక్టరు అడిగారు.

ఆమె పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"మా పెద్దమ్మ," అన్నాను.