ముందు వరుసలో ఖాజా భాయ్

తొంభైల్లో పనిమీద బహ్రెయిన్ వెళ్లినప్పుడు, జల్లాఖ్‌లోని ఒక హోటల్లో సాయంత్రం జాజ్ కచేరీకి నాకు ఇద్దరికి చెల్లే ఆహ్వానం దొరికింది. అక్కడ నా కారు నడిపే కరీంనగర్ ఖాజా భాయ్‌ని తోడు తీసుకెళ్లాను. గుమ్మంలో మేనేజరు ఆయన యూనిఫాం చూసి, డ్రైవర్లు బయటే ఉండాలన్నాడు.

"వెళ్లిపోదాం భాయ్," అన్నాను.

"ఎందుకు పోవాలె సార్? చీటీ మీద ఇద్దరని రాసున్నది. డ్రైవర్ రావద్దని ఏడ రాసున్నది?" అంటూ ఆయన నేరుగా వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాడు. మేనేజరు వచ్చి భుజం తట్టినా లేవలేదు. కచేరీ మొదలవడంతో అతను వెనక్కి తగ్గాడు, నేనూ పక్కన కూర్చున్నాను.

పాట మధ్యలో పియానో కళాకారుడు తన వంతు ముగించగానే ఖాజా భాయ్ ఒక్కడే గట్టిగా చప్పట్లు కొట్టాడు. హాలంతా మావైపు చూసింది. సిగ్గేసి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఇడువుండ్రి సార్. గీ పాటలకు నడుమనే కొట్టాలె. ఆరేండ్ల సంది గీ హాలు కిటికీ అవతల నిలబడి ఇంటున్న."

పియానో కళాకారుడు ఆయనకేసి తల వంచాడు. తర్వాతి చప్పట్లు, మేనేజరు చూస్తుండగానే, ఇద్దరం కలిసి కొట్టాం.